శిశుసేవికల శిక్షణము

దేశాభ్యుదయమును గూర్చిన ప్రసంగము వచ్చినప్పుడెల్ల మనవారు విశ్వవిద్యాలయముల కడనుండి మాట మొదలిడుదురు. ఇంజనీరులెందరు, వైద్యులెందరు, విదేశములకు పోయిన పట్టభద్రులెందరు అని లెక్కించుకొని సంతసింతురు. సంతసింపవలసినదే. కాని ఆ ఇంజనీరు మూడేండ్ల బిడ్డయై యుండగా ముక్కు తుడిచినదెవరు, అన్నము తినిపించినదెవరు, వచ్చీరాని మాటలకు బదులు పలికినదెవరు అను ప్రశ్న ఏ సభయందును వినరాదు. తల్లి యని తడుముకొనకుండ జవాబు చెప్పుదురు. నిజమే. మరి నాటుకో, కోతకో, ఇటుకల బట్టీకో, పరుల యింటి పాచిపనికో పోయిన తల్లి తిరిగి వచ్చువఱకు ఆ బిడ్డ ఎవరి చేతిలో నుండును? మన పల్లెలయందును, పేటలయందును ఆ చేయి అంగన్‌వాడీ ఆయా చేయి. ప్రభుత్వపు కాగితములలో ఆమె పేరు సహాయకురాలు. ఆ చేతికి మనము నేర్పినదేమి, ఆ చేతిలో పెట్టినదేమి అను విషయమును నేడు పాఠకుల యెదుట నుంచదలచితిమి.

1975 అక్టోబరు 2వ తేదీన, గాంధీజయంతి నాడు, 33 బ్లాకులలో ప్రయోగముగా ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము నేడు మఱ్ఱిచెట్టువలె దేశమంతట వ్యాపించినది. దేశమున సుమారు 14 లక్షల కేంద్రములున్నవి. అందు ఆంధ్రప్రదేశమునందు 55 వేలకు, తెలంగాణమునందు 35 వేలకు పైగా గలవు. ప్రధాన కేంద్రమునకు ఒక కార్యకర్త, ఒక ఆయా యుండవలెనని నియమము. కార్యకర్తను జనులు టీచరమ్మ యందురు. ఆయాకు అప్పగింపబడిన పనులివి: వంట చేయుట, వడ్డించుట, ఆవరణమును ఊడ్చి కడుగుట, నీరు తెచ్చుట, చిన్నబిడ్డలను శుభ్రపరచుట, ఇంటింటికి పోయి వారిని పిలుచుకొని వచ్చుట. ఈ పట్టికను వ్రాసినవారికి ఇవన్నియు చాకిరిగా తోచినవి కాబోలు. మాకు మాత్రము ఇవన్నియు విద్యగానే తోచుచున్నవి.

ఏలయన, మూడేండ్ల బిడ్డకు పాఠ్యపుస్తకము లేదు. వాని పాఠము వాని దినచర్యయే. చేతులు కడుగుకొనునప్పుడు నీరెంత, సబ్బెంత, మొదట నేది, తరువాత నేది యని క్రమము నేర్చును. పళ్లెము ముందు కూర్చుండినప్పుడు తనవంతు వచ్చువఱకు ఓర్చుట నేర్చును. ఇంటినుండి కేంద్రమునకు ఆయా వ్రేలు పట్టుకొని నడచునప్పుడు వేపచెట్టు, చింతచెట్టు, బావి, గుడి, మేకపిల్ల యని పేర్లు నేర్చును. బట్ట తడుపుకొన్న బిడ్డను ఆమె ఛీత్కరించెనా, తన దేహము అసహ్యకరమని వాడు నేర్చును. నవ్వుచు బట్ట మార్చెనా, లోకము దయ గలదని నేర్చును. ఇన్ని పాఠములు చెప్పుచున్న స్త్రీని పాఠములతో సంబంధము లేనిదానినిగా ఎంచుట ఎంత వింత! 2020 నాటి జాతీయ విద్యావిధానమే మానవుని మెదడు వికాసమున నూటికి 85 పాళ్లకు మించి ఆఱవయేటికి ముందే జరుగునని ప్రకటించినది. ఆ యేండ్లలో ఆమె పట్టుకొనునది చీపురు కట్ట మాత్రమే కాదు, జాతి మెదడును గూడ ఆమెయే పట్టుకొని యున్నది.

ఈ సంగతి మరియా మాంటిస్సోరీ మహాశయ చక్కగా ఎఱిగియుండెను. 1907 జనవరి 6వ తేదీన రోము నగరమున శాన్ లొరెంజో యను పేదలవాడలో ఆమె తొలి శిశుగృహమును తెరచినప్పుడు, దానిని చూచుకొనుటకు ఉపాధ్యాయ శిక్షణము పొందిన విదుషి దొరకలేదు. సామాన్య కుటుంబపు స్త్రీయే దొరకెను. ఆమె పెద్దచదువులు లేనిదగుటను మాంటిస్సోరీ లోపముగా గణింపలేదు. చూచుట యెట్లో, తొందరపడకుండుట యెట్లో, బిడ్డ తానే చేయగల పనిని తాను చేయకుండుట యెట్లో నేర్పెను. ఒకనాడామె ఆ బిడ్డలకు ముక్కు చీదుకొను విధానమును పాఠముగా చేసి చూపెననియు, పాఠము ముగియగనే బిడ్డలు చప్పట్లు చఱచిరనియు తానే వ్రాసినది. ముక్కు కారుచున్నదని వారిని గద్దించినవారేగాని, ఎట్లు తుడుచుకొనవలెనో అవమానపఱపక నేర్పినవారు అంతవఱకు లేరు! ఆయా శిక్షణమునకు ఇంతకంటె మంచి తొలిపాఠము వేఱొకటి యుండునా?

ఆ మహాశయ 1939లో దివ్యజ్ఞాన సమాజము వారి ఆహ్వానముపై మన చెన్నపట్టణమునకు వచ్చి అడయారునందు శిక్షణ తరగతులు నడపెను. యుద్ధము మూలమున 1946 వఱకు ఈ దేశముననే నిలిచి, వెయ్యిమందికి పైగా ఉపాధ్యాయులను తరిఫీదు చేసెను. అంతకు ముందే, 1920లో, భావనగరమున గిజూభాయి బధేకా దక్షిణామూర్తి బాలమందిరమును స్థాపించి, 1926లో తారాబాయి మోడకుతో గూడి నూతన బాలశిక్షణ సంఘమును నెలకొల్పియుండెను. పట్టణపు మధ్యతరగతి బిడ్డలకు మాత్రమే యీ భాగ్యము దక్కుట చూచి తారాబాయి యూరకుండలేదు. 1945లో బోర్డీ గ్రామమునకు, 1957లో కొసబాడు కొండలలోని వార్లీ ఆదివాసుల నడుమకు శిశువిద్యను కొనిపోయెను. బిడ్డ బడికి రానిచో బడియే బిడ్డ ముంగిటికి పోవలెనని ఆమె సిద్ధాంతము. ముంగిలికి వారి భాషలో ఆంగన్ అని పేరు. నేటి మన అంగన్‌వాడీ ఆ మాటనుండియే పుట్టినది. ఆమెకు కుడిభుజముగా నిలిచిన అనుతాయి వాఘు పదుమూడవయేట పెండ్లియై కొలది మాసములకే వైధవ్యము పొందిన స్త్రీ. సంఘము మూలకు నెట్టిన అట్టి స్త్రీ శిశువిద్యాచార్యురాలై 1985లో పద్మశ్రీ బిరుదము నందెను. శిక్షణ మనునది స్త్రీని ఎంత యెత్తునకు గొనిపోగలదో చెప్పుటకు వేఱు సాక్ష్య మేల?

మన ఆంధ్రదేశము ఈ విషయమున వెనుకబడినది కాదు. రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయి దేశముఖ్ 1937లో చెన్నపట్టణమున ఆంధ్ర మహిళాసభను స్థాపించెను. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలై దేశమంతట బాలవాడీలకు ప్రాణము పోసెను. విద్యలేని స్త్రీకి కొలదికాలపు గట్టి శిక్షణ మిచ్చి ఆమెను తన కాళ్లపై నిలువబెట్టవచ్చునని తన జీవితమంతయు నిరూపించిన సాధ్వి ఆమె. ఆ తల్లి పుట్టిన సీమలో నేడు ఆయాకు దక్కుచున్న శిక్షణమెంత?

పూర్వపు పద్ధతిలో ఆయాకు 8 దినముల పరిచయ శిక్షణము, తరువాత 5 దినముల పునశ్చరణము విధింపబడియుండెను. కాగితముపై నిదియే హద్దు. 2020 విద్యావిధానము ఇంటర్మీడియట్ చదివిన కార్యకర్తలకు ఆఱుమాసముల సర్టిఫికెట్ చదువును, అంతకు తక్కువ చదివిన వారికి ఒక సంవత్సరపు డిప్లొమాను వాగ్దానము చేసినది. మంచిదే. కాని ఆ నిబంధన కార్యకర్తలను గూర్చి పలుకుచున్నదేగాని ఆయాను గూర్చి పలుకుట లేదు. 2023 మే 10వ తేదీన కేంద్రప్రభుత్వము ‘పోషణతో పాటు చదువు’ అను అర్థము గల పేరుతో నొక కార్యక్రమమును ప్రారంభించినది; అందు కార్యకర్తలకు విధించిన ముఖాముఖి శిక్షణము మూడు దినములు. మూడేండ్ల బిడ్డలను సాకుటకు మూడు దినముల చదువు! అదియు టీచరమ్మకే. ఆమె వెనుక నిలిచిన ఆయా, టీచరమ్మ తిరిగి వచ్చి ఏమి చెప్పునో యని ఎదురుచూడవలసినదే.

దీనికి పెద్దలు రెండు సమాధానములు చెప్పుదురు. బిడ్డలను సాకుట ప్రతి తల్లికిని తెలిసిన విద్యయే, దానికి వేఱుగ తరిఫీదు ఎందుకనునది మొదటిది. ఈ మాటలో మాతృత్వమునకు మర్యాద యున్నట్లు పైకి తోచునుగాని లోపల నున్నది పొదుపు. తల్లి తన కడుపున పుట్టిన ఒకరిద్దరిని సాకును. ఆ బిడ్డల యేడ్పు ఆకలి యేడ్పో, నిద్ర యేడ్పో ఆమెకు తెలియును. ఆయా యెదుట ఇరువది యిండ్లనుండి వచ్చిన ఇరువదిమంది యుందురు. ఒకడు నిన్ననే కొత్తగా చేరి గుక్కపట్టి యేడ్చుచుండును. ఒకతె తినదు. ఒకనికి మాట రాలేదు. అది చెవుడో, జాప్యమో, జంకో తెలియదు. ఒకడు పక్కవానిని కొఱుకును. ఒకతె యింట మాట్లాడునది కోయ, ఇంకొకతె యింట గోండి, వేఱొకని యింట లంబాడీ. వారికి తెలుగే పరభాష. ఒక తల్లి స్వభావసిద్ధముగా నెఱిగిన విద్య ఇందఱకు చాలదు. మాతృత్వము స్వభావమువలన వచ్చును. పరుల బిడ్డల పోషణము అభ్యాసమువలన వచ్చును. వంట తెలిసిన ప్రతివారును పెండ్లిలో ఐదువందల విస్తళ్లకు వండలేరను సంగతి మనకు తెలియదా?

పాఠము చెప్పునది టీచరమ్మ, ఆయాకు పాఠములతో పని లేదనునది రెండవ సమాధానము. ఈ మాట చెప్పువారు ఏ కేంద్రమున నైనను ఒక పూట కూర్చుండి చూడవలెనని మా ప్రార్థన. టీచరమ్మ గర్భిణీ స్త్రీల యిండ్లకు పోవలెను. బరువులు తూచి వ్రాయవలెను. 2021 నుండి పోషణ్ ట్రాకర్ అను యంత్రలేఖకుడు ఆమె సెల్‌ఫోనులో కూర్చుండి లెక్కలు అడుగుచున్నాడు. సమావేశమునకు పిలుపు వచ్చును. పలుచోట్ల ఓటర్ల జాబితా పనియు ఆమె నెత్తిపైననే పడును. ఈ పనులన్నిటికి ఆమె పరుగెత్తుచుండగా బిడ్డల చెంత మిగులునది ఎవరు? పొయ్యిపై పప్పు ఉడుకుచుండగా ఒక కంట కుండను, ఒక కంట బిడ్డలను కాచుకొనుచున్న ఆయాయే. పేరునకు సహాయకురాలు, పనికి సర్వాధికారిణి. అధికారము లేని బాధ్యతయు, శిక్షణము లేని అధికారమును రెండును ఆమె నెత్తిననే యున్నవి.

కావున ఆయాకు ఏమి నేర్పవలెను? మేము కోరునది గ్రంథపాండిత్యము కాదు. మొదట ప్రాణరక్షణము: వేరుసెనగ గింజ గొంతున అడ్డుపడినప్పుడు ఏమి చేయవలెనో, ఏమి చేయరాదో; జ్వరమున మూర్ఛ వచ్చిన బిడ్డను ఎట్లు పరుండబెట్టవలెనో; విరేచనములైన బిడ్డకు ఓఆర్ఎస్ ద్రావణమును ఎట్లు కలుపవలెనో, జింకు బిళ్లలను విరేచనములు కట్టినను 14 దినములు ఏల కొనసాగింపవలెనో. పిదప పోషణము: ఆఱుమాసములు నిండి ఐదేండ్లు నిండని బిడ్డ దండచుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గినచో అది ‘సన్నని శరీరతత్త్వము’ కాదనియు, తీవ్రమైన క్షీణత యనియు గుర్తించుట. తినని బిడ్డ నోట కుక్కక, బెదిరింపక, ఓపికతో తినిపించుట. పిదప మాట: స్నానమప్పుడు, నడకలో, వడ్డనలో బిడ్డతో మాట్లాడుచుండుట, వాని మాటకు కాచియుండుట. పిదప ఆట: చెమ్మచెక్క, ఒప్పులకుప్ప, దాగుడుమూతలు మొదలగు మన ఆటలలో లెక్కయు, లయయు, సహనమును ఎట్లిమిడియున్నవో తెలిసికొనుట. చివరకు గుర్తింపు: చూపు, వినికిడి, నడక, మాటలలో తేడా యున్న బిడ్డను దాచిపెట్టక తగిన వైద్యుని కడకు పంపుట.

ఈ చదువు గదిలో నాలుగు దినములు కూర్చుండబెట్టి, తెరపై బొమ్మలు చూపి, సంతకము తీసికొని పంపుటచే రాదు. ఈత నేర్పువాడు నీటిలో దింపును; గట్టున ఉపన్యసింపడు. మంచిగా నడచుచున్న కేంద్రములను మండలమునకొకటి చొప్పున ఎన్నుకొని, అనుభవము గల ఆయాల చెంతనే కొత్తవారిని కొన్ని వారములు పని నేర్వనీయవలెను. తరువాత సంవత్సరము పొడుగున నెలకొక దినము మరల కూర్చి సందేహములు తీర్పవలెను. ఆ దినములకు కూలి పోకుండ పూర్తి వేతనమును, రాకపోకల వ్యయమును, పసిబిడ్డ గల ఆయాకు బిడ్డతో నుండు వసతియు గల్పింపవలెను. శిక్షణము తెలుగులోనే జరుగవలెను. మన్యమున వారి వారి భాషలలో జరుగవలెను. ఆయా స్థానికురాలై యుండవలెనని నియమము గలదు గనుక ఆ బిడ్డ యింటిభాష తెలిసినది పెక్కుచోట్ల ఆమెయే. పట్టణమునుండి వచ్చిన పట్టభద్రురాలికి లేని ఆ యర్హతను మనము అర్హతగా లెక్కింపకుండుటకంటె అవివేక మేమున్నది?

ఇచ్చట నొక హెచ్చరికయు చేయవలసియున్నది. శిక్షణ మను పేరుతో సర్టిఫికెట్టును గొడ్డలిగా మార్చి, ఇరువదియేండ్లుగా బిడ్డలను మోసిన చేతులను నఱికివేయు ఆలోచన ఎవరికైనను గలదేని దానిని మేము తీవ్రముగా ప్రతిఘటింతుము. 2022లో కేంద్రము విడుదల చేసిన నిబంధనలు కార్యకర్తల ఖాళీలలో సగమును ఐదేండ్ల అనుభవమును, నిర్ణీత విద్యార్హతలును గల ఆయాలతో నింపవలెనని చెప్పుచున్నవి. ఇది నిజముగా గొప్ప ద్వారము. కాని ద్వారము తెరచి మెట్లు తీసివేసినచో ప్రయోజన మేమి? చదువు మధ్యలో ఆగిన ఆయా సార్వత్రిక పాఠశాల మూలమున పదవ తరగతిని, ఇంటర్మీడియట్టును ముగించుటకు రుసుము, పుస్తకములు, సమయము ప్రభుత్వమే ఈయవలెను. ఆమె యిన్నేండ్ల అనుభవమును పరీక్షించి, దానికి విలువ గట్టి, సర్టిఫికెట్టులో చేర్పవలెను. శిక్షణము ఆమెను పైకెత్తు నిచ్చెన కావలెనుగాని, వెలికి నెట్టు గుమ్మము కారాదు.

వేతనపు మాట ఎత్తక శిక్షణపు మాట చెప్పుట పరిహాసమగును. 2018 అక్టోబరు నుండి కేంద్రము ఆయాకు నెలకు 2,250 రూపాయలను నిర్ణయించెను. దానికి తమ భాగము కలిపి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2019లో మొత్తము 7,000 రూపాయలను, తెలంగాణ ప్రభుత్వము 2021లో 7,800 రూపాయలను చేసినవి. తెలంగాణపు లెక్కయే తీసికొన్నను దినమునకు 260 రూపాయలు! దీనికి గౌరవవేతనమని పేరు. ఇందు వేతనమెంత యున్నదో గౌరవమును అంతియే యున్నది. 2023 డిసెంబరు 12వ తేదీనుండి ఆంధ్రప్రదేశమున అంగన్‌వాడీ స్త్రీలు 42 దినములు సమ్మె చేసిరి. 2024 జనవరి 6వ తేదీన నాటి ప్రభుత్వము వారిపై అత్యవసర సేవల చట్టమును ప్రయోగించెను. పని మానినప్పుడు అత్యవసర సేవకులు. జీత మడిగినప్పుడు స్వచ్ఛంద సేవికలు! ఒకే మనిషికి ఈ రెండు పేర్లును ఎట్లు చెల్లును? 2022 ఏప్రిల్ 25వ తేదీన సుప్రీంకోర్టు ఈ కార్యకర్తలకును, ఆయాలకును గ్రాట్యుటీ చెల్లవలెనని తీర్పు చెప్పినది. న్యాయస్థానము గుర్తించిన ఈ శ్రమను ఖజానా గుర్తింపకుండుట తగదు. నేర్చినకొలది వేతనము పెరుగునను నమ్మకము లేనిచో ఎవరును మనసు పెట్టి నేర్వరు.

సంపన్నులు ఇది పేదల విషయమని ప్రక్కకు తొలగరాదు. ఎల్‌కేజీ యనియు, ప్లేస్కూలనియు వేలకొలది రుసుము చెల్లించి బిడ్డలను పంపువారు ఆ బడులలో తమ బిడ్డను మరుగుదొడ్డికి తీసికొనిపోవు ఆయా ఏమి నేర్చినదో ఎన్నడైనను అడిగిరా? గోడపై రంగుల బొమ్మలను చూతురు, ఆంగ్లమున పలుకు టీచరును చూతురు, ఆయాను చూడరు. పెక్కుచోట్ల ఆమెకు శిక్షణ మనునది పేరునకును లేదు. పేదవాని బిడ్డకైనను, ధనవంతుని బిడ్డకైనను ఆయా చేయియే చేయి. ఆ చేతికి విద్య నేర్పుట ఉభయులకును శ్రేయస్కరము.

2002లో 86వ సవరణముచే రాజ్యాంగము 45వ అధికరణము మార్పు నొందెను. ఆఱేండ్లు నిండువఱకు బిడ్డలందఱకు శైశవ సంరక్షణమును, విద్యను సమకూర్ప రాజ్యము యత్నింపవలెనని అది ఆదేశించుచున్నది. యత్నము అను మాటను ఆశ్రయించి యత్నము మానుట పాలకులకు అలవాటు. దానిని మాన్పుట ప్రజల పని. పాఠక మహాశయులారా! మీ గ్రామమున, మీ పేటలో అంగన్‌వాడీ ఎక్కడ నున్నదో మీరెఱుగుదురా? ఒక్కసారి పోయి చూడుడు. ఆయాను పేరుపెట్టి, అమ్మా యనియో అక్కా యనియో పలుకరింపుడు. ఆమె శిక్షణమునకు పోయి ఎన్నేండ్లైనదో అడుగుడు. గ్రామసభలో, వార్డు సభలో ఆ ప్రశ్నను లేవనెత్తుడు. ఆమె వండిన అన్నమును కులము పేరిట కాదను ఇల్లు మీ వీథిలో నున్నచో ఆ యింటి పెద్దకు సిగ్గు వచ్చునట్లు చెప్పుడు. శాసనసభ్యుడు ఓటునకై వచ్చినప్పుడు రోడ్డును గూర్చి అడిగిన నోటితోనే ఆయాను గూర్చియు అడుగుడు.

గృహనిర్మాణమున పునాది వేయు కూలివానిని ఎవరును గుర్తుంచుకొనరు. గోపురమున కలశమెత్తినవాని పేరు శిలపై చెక్కుదురు. కాని పునాది చెడినప్పుడు కలశమే ముందుగా నేలపై పడును. జాతి పునాదిని వేయుచున్న ఈ స్త్రీలకు చీపురుతో పాటు విద్యయు, విద్యతో పాటు తగిన వేతనమును ఇచ్చి నిలుపుకొందుమా, లేదా, అను ప్రశ్నకు ప్రభుత్వముల కంటె ముందు ప్రజలమే బదులు చెప్పవలసి యున్నది.